ఓవెన్ అక్కర్లేని చిరుతిళ్లు: గోదావరి తేమలో కూడా నిలవుండేలా ఇంట్లో చేసుకోవడం ఎలా

మన డెల్టా ఇళ్లలో ఓవెన్ ఎప్పుడూ లేదు. అయినా రాజోలులో చూసినా పాలకొల్లులో చూసినా వంటింటి అలమరలో సున్నుండల డబ్బా ఒకటి, చిమ్మిలి సీసా ఒకటి, పండగ వెళ్లిన కొన్నాళ్ల దాకా మరమరాల ఉండలు ఉండేవి. ఇప్పుడు ఫోన్ తెరిస్తే ఎనర్జీ బార్లనీ ప్రోటీన్ బాల్స్ అనీ వచ్చే వీడియోలన్నీ దాదాపు అదే పని చేస్తున్నాయి: గింజలు వేయించడం, పొడి కొట్టడం, ఏదో ఒక తీపితో ముద్ద కట్టడం. వాళ్లు చెప్పే ఓట్స్, చియా గింజలు, మేపుల్ సిరప్ కోసం ముమ్మిడివరంలోనో నరసాపురంలోనో షాపులన్నీ తిరిగి టెన్షన్ పడాల్సిన పని లేదు. మన సంతలో దొరికే నువ్వులు, వేరుశనగ గుళ్లు, మినుములు, కొబ్బరి, బెల్లంతోనే కడుపు నిండేవి, పిల్లలు ఇష్టంగా తినేవి చేసుకోవచ్చు, ఖర్చూ తక్కువే.

చేయడం తేలికే. కష్టమంతా నిలవ పెట్టడంలో ఉంది. హైదరాబాద్‌లో ఎవరో చేసి నెల రోజులు ఉంటుందని చెప్పిన లడ్డు మన దగ్గర వారానికే మెత్తబడి, పది రోజులకి వాసన మారుతుంది. కారణం మన గాలి. ఒక పక్క సముద్రం, ఊరి చుట్టూ కాలవలు, చెరువులు, నీళ్లు నిలబెట్టిన వరిచేలు. ముసురు పట్టిన రోజున అగ్గిపెట్టె కూడా గీస్తే వెలగదు. కాబట్టి ఇక్కడ చెప్పే ప్రతి పద్ధతిలోనూ, సరుకు కొనడం దగ్గర్నుంచి డబ్బా మూత పెట్టేదాకా, ఒకటే లెక్క చూసుకుంటూ వెళ్తాం: తేమ ఎక్కణ్ణుంచి వస్తోంది, దాన్ని ఎక్కడ ఆపాలి.

ముందు సరుకు

వేరుశనగ గుళ్లు కొనేటప్పుడు గుప్పెడు తీసుకుని అరచేతిలో పరిచి చూడండి. ముడతలు పడ్డవి, నల్లబడ్డవి, బూజు పట్టినవి ఉంటే ఆ బస్తా సరుకు వద్దు. తడి తగిలి బూజు పట్టిన వేరుశనగలో అఫ్లటాక్సిన్ అనే విషపదార్థం పుడుతుంది, అది కాలేయానికి చేటు చేస్తుంది, వేయిస్తే పూర్తిగా పోదు. కాస్త బాగున్నవి ఏరుకుని వాడుకుందాం అనుకోవద్దు, పారెయ్యండి. కొబ్బరికీ ఇదే మాట: ఎండు చిప్ప లోపల ఆకుపచ్చ, నలుపు మచ్చలు కనిపిస్తే ఆ ముక్క వరకూ కోసేసి మిగతాది వాడటం మంచిది కాదు.

కొబ్బరి విషయంలో మన అదృష్టం వేరు. అంబాజీపేట మార్కెట్ పక్కనే ఉంది, చాలా ఇళ్లలో పెరట్లోనే కాయలు. కానీ పచ్చి కొబ్బరిలో దాదాపు సగం నీరే, అందుకే దానితో చేసినవి ఒక్కరోజుకి మించి బయట ఆగవు. నిలవ ఉండే చిరుతిండికి కురిడీ కావాలి, అంటే ముదురు కాయని అటక మీద నెలల తరబడి ఉంచితే లోపలే నీరింకి, చిప్ప నుంచి విడిపోయి, ఊపితే డొల్లున కదిలే ఎండు కొబ్బరి. దాన్ని తురిమితే చెయ్యి జిడ్డుగా అవుతుంది గానీ తడిగా అవదు. ఆ జిడ్డే మనకి కావాల్సింది.

నువ్వులు పొట్టుతో ఉన్నవే కొనండి, తెల్లగా పాలిష్ చేసినవి కాదు. 100 గ్రాముల పొట్టు నువ్వుల్లో సుమారు 1 గ్రాము కాల్షియం ఉంటుంది, అందులో ఎక్కువ భాగం పైపొట్టులోనే, కాబట్టి పొట్టు తీసేసినవాటిలో బాగా తగ్గిపోతుంది. (ఆ కాల్షియం మొత్తం ఒంటికి పట్టదు, పొట్టులోని ఆక్సలేట్లనే పదార్థాలు కొంత అడ్డుపడతాయి. అయినా తినదగ్గదే.) బెల్లం ముదురు రంగుది, గోధుమ రంగుకి దగ్గరగా ఉన్నది తీసుకోండి. నిమ్మపండు రంగులో మెరిసిపోయే బెల్లానికి ఆ రంగు రావాలని కొన్నిచోట్ల హైడ్రోస్ అనే రసాయనం కలుపుతారు, చూపుకి బాగుండటం తప్ప దానివల్ల మనకి ఒరిగేది లేదు. ఇంకో సంగతి, కొట్లో బెల్లం దిమ్మ పైన చెమ్మగా, వేలికి అంటుకునేలా ఉంటే అది అప్పటికే గాలిలో తేమ పీల్చుకుంది. గట్టిగా, విరిస్తే పొడిగా పెళుసుగా విరిగేది అడిగి తీసుకోండి.

వేయించడం, చల్లార్చడం

ఓవెన్ లేదంటే పొయ్యి కూడా వద్దని కాదు. గింజల్ని వేయించడం రుచి కోసం కొంత, లోపలి తడి పోగొట్టడం కోసం చాలా. ఈ ఒక్క పని ఓపికగా చేస్తే సగం గెలిచినట్టే.

ఎండ ఉన్న రోజు చూసుకోండి. పొద్దున్నే గింజల్ని చేటలో చెరిగి, పలుచగా గుడ్డ మీద పోసి మధ్యాహ్నం దాకా ఎండబెట్టండి. తర్వాత అడుగు మందంగా ఉన్న మూకుడు పెట్టి, మంట సన్నగా ఉంచి, ఒక్కో రకాన్నీ విడివిడిగా వేయించండి. అన్నీ కలిపి పోస్తే నువ్వులు మాడేసరికి వేరుశనగ పచ్చిగా ఉంటుంది. నువ్వులు చిటపటలాడి రెండు మూడు గింజలు మూకుట్లోంచి ఎగిరితే చాలు, నాలుగైదు నిమిషాల పని, వెంటనే వేరే పళ్లెంలోకి తిప్పెయ్యాలి, మూకుడు వేడికి అందులోనే ఉంచితే చేదెక్కుతాయి. వేరుశనగకి పది పన్నెండు నిమిషాలు పడుతుంది. గింజని రెండుగా విడదీస్తే లోపల తెలుపు పోయి లేత బంగారు రంగు కనిపించాలి. మినపప్పు అన్నిటికన్నా నిదానం, అరకిలోకి ఇరవై నిమిషాలు పైనే. ఇల్లంతా కమ్మటి వాసన వచ్చాక కూడా ఒక బద్ద నోట్లో వేసుకుని కొరికి చూడండి, మధ్యలో పచ్చివాసన ఉంటే ఇంకా కాలేదు.

తర్వాతది చల్లార్చడం. చాలామంది తొందరపడేది ఇక్కడే. వేడిగా ఉన్న గింజని మిక్సీలో వేస్తే ఆవిరి జార్ మూతకి పట్టి మళ్లీ పిండిలోకే దిగుతుంది, దానికి తోడు నూనె ముందే ఊరి పిండి ముద్దకడుతుంది. వేడిగా ఉన్నప్పుడే డబ్బాలో పోసి మూత పెట్టడం అంతకన్నా పెద్ద పొరపాటు. పూర్తిగా చల్లారాలి, అలాగని రాత్రంతా ఫ్యాన్ కింద వదిలేస్తే మళ్లీ తేమ లాగుతాయి. చెయ్యి పెడితే వేడి తగలని స్థితికి రాగానే పని మొదలెట్టేయండి. వేరుశనగ పొట్టు తీయడానికి గుళ్లని గుడ్డలో వేసి రుద్ది, చేటలో పోసి చెరిగితే చాలు, పొట్టు గాలికి పోతుంది. కొంచెం పొట్టు మిగిలినా నష్టం లేదు, పీచే కదా.

చిమ్మిలి: మొదట ఇది నేర్చుకోండి

నాగుల చవితికి పుట్ట దగ్గరికి చలిమిడి, వడపప్పుతో పాటు పట్టుకెళ్లే చిమ్మిలే ఇది. ముఖ్యమైనవి రెండే సరుకులు, నువ్వులు, బెల్లం. నెయ్యి లేదు, పాకం లేదు, నీటి చుక్క లేదు. పుట్టలో పోయడానికి చాలా ఇళ్లలో పచ్చి నువ్వులతోనే దంచుతారు. నిలవ కోసం అయితే వేయించినవి మేలు.

కొలత: నువ్వులు 250 గ్రాములు, తురిమిన బెల్లం 150 గ్రాములు, నాలుగు ఏలకులు, చిటికెడు ఉప్పు. పాత లెక్కలో బెల్లం నువ్వులకి సమానంగా వేస్తారు. ఇంత తగ్గించినా తీపి సరిపోతుంది, ఎందుకంటే వేయించిన నువ్వుల కమ్మదనం ముందుకొస్తుంది.

రోలు ఉంటే రోట్లోనే చేయండి, తేడా తెలుస్తుంది. ముందు నువ్వులు ఒక్కటే వేసి దంచాలి. మొదట రోకలి పోటు పొడిగా వినిపిస్తుంది, గింజలు పక్కలకి జారిపోతుంటాయి, చేత్తో మధ్యలోకి తోస్తూ ఉండాలి. కాసేపటికి ఆ చప్పుడు మెత్తబడి, రోటి అంచుకి సన్నటి పొడి అంటుకోవడం మొదలవుతుంది, ఆ పొడి రంగు ఒక ఛాయ ముదురుతుంది. అదిగో, నూనె ఊరింది. అప్పుడు బెల్లం తురుము వేసి మళ్లీ దంచండి. నాలుగు పోట్లకే రెండూ కలిసిపోయి, మెరుపుతో, గుప్పిట్లో పట్టి నొక్కితే ముద్ద నిలబడుతుంది. వేళ్ల మధ్యకి నూనె జిడ్డు వచ్చిందంటే ఇంక ఆపెయ్యాలి, అక్కణ్ణుంచి దంచితే నూనె బయటికి కారి ఉండ పెళుసుగా అవుతుంది.

మిక్సీలో అయితే ఆపి ఆపి తిప్పండి, రెండు సెకన్లు తిప్పడం, గరిటెతో కలపడం, మళ్లీ రెండు సెకన్లు. ఒక్కసారిగా తిప్పితే అడుగున ముద్ద, పైన గింజ మిగులుతుంది. ఉండ కట్టకపోతే నీళ్లు చల్లాలనిపిస్తుంది, దయచేసి ఆ పని మాత్రం చేయొద్దు. ఇంకో రెండుసార్లు తిప్పండి, నువ్వుల్లో సగం బరువు నూనే, అది రావాలి అంతే.

ఈ కొలతకి నిమ్మకాయ కంటే చిన్నవి ఇరవై ఉండలు వస్తాయి. ఒక్కోదానిలో బెల్లం 7, 8 గ్రాములు. పొడిగా, గట్టి మూత డబ్బాలో రెండు మూడు వారాలు బాగుంటాయి.

సున్నుండలు, నెయ్యి కొలత పట్టుకుని

వరి కోసిన చేలల్లో మినుము పండే ప్రాంతం మనది, కాబట్టి ఇంటి మినుములు దొరికితే వదలొద్దు. పొట్టు తీయని పప్పుతో చేస్తే పీచు ఎక్కువ, రంగు మాత్రం నల్లచుక్కలతో ఉంటుంది. అది చూసి పిల్లలు మూతి తిప్పితే సగం పొట్టుపప్పు, సగం మినపగుళ్లు కలపండి.

మినపప్పు 500 గ్రాములు, రెండు చెంచాల బియ్యం, బెల్లం 350 గ్రాములు, నెయ్యి 200 గ్రాములు. బియ్యం ఎందుకంటే ఒట్టి మినపసున్ని తింటుంటే అంగిట్లో అతుక్కుంటుంది, రెండు చెంచాల వేయించిన బియ్యం ఆ జిగురుని విరగ్గొడుతుంది. పప్పు, బియ్యం విడివిడిగా వేయించి చల్లార్చి, కొంచెం బరకగా మిక్సీ పట్టండి. ఎక్కువ మొత్తమైతే మరకి ఇవ్వచ్చు, కానీ అంతకు ముందు ఎవరిదైనా తడిసిన బియ్యమో మిరపకాయలో ఆడించి ఉంటే ఆ వాసన, తడి మన పిండికొస్తాయి, అడిగి ఇవ్వండి.

పిండిలో బెల్లం తురుము కలిపి మళ్లీ ఒక్క తిప్పు తిప్పితే రెండూ సమంగా కలుస్తాయి. నెయ్యి కరిగించి, గోరువెచ్చగా, నాలుగు విడతలుగా పోస్తూ కలపండి. అంతా ఒకేసారి పోస్తే ఎంత కావాలో తెలియకుండానే ఎక్కువైపోతుంది. గుప్పిట్లో నొక్కితే నిలబడి, వేలితో పొడిస్తే పగలాలి, అదీ గుర్తు. నెయ్యి ఇంట్లో కాచిందైతే అడుగున గోకు (మడ్డి) మిగలకుండా వడకట్టి పోయండి, ఆ గోకులో తడి, పాలపదార్థం ఉండి సున్ని తొందరగా వాసన వచ్చేది దానివల్లే.

ముప్పై గ్రాముల చొప్పున చేస్తే ముప్పై అయిదు దాకా అవుతాయి. పెద్ద ఉండలు చేయడం మన అలవాటు, కానీ చిన్నవి చేస్తే పిల్లలు ఒకటి తిని తృప్తిగా వెళ్తారు, పెద్దది చేస్తే అది కూడా ఒకటే అని తింటారు. ఇవి నెల రోజులకి దగ్గరగా ఉంటాయి.

ఖర్జూరం బిళ్లలు

బార్లు కావాలని అడిగే పిల్లలకి ఇది. బెల్లం, పంచదార ఏమీ వేయం. ఖర్జూరంలో కూడా తీపి బాగానే ఉంటుంది, బరువులో మూడింట రెండు వంతుల దాకా చక్కెరలే, కాకపోతే దానితో పాటు పీచు కూడా వస్తుంది.

1. గింజ తీసిన మెత్తటి ఖర్జూరం 250 గ్రాములు తీసుకోండి. ప్రతి పండునీ చీల్చి లోపల చూడండి, పురుగు, బూజు దాక్కునేది అక్కడే. కడగాలనిపిస్తే కడిగి గుడ్డతో తుడిచి పూర్తిగా ఆరాకే వాడండి.
2. వేయించిన వేరుశనగ 150 గ్రాములు మూడొంతులు పొడి, ఒక వంతు పలుకులుగా ఉంచండి. వేయించిన నువ్వులు 50 గ్రాములు, కురిడీ తురుము 50 గ్రాములు. ఆ తురుముని కూడా మూకుట్లో రెండు నిమిషాలు వేడి చేయండి.
3. ఖర్జూరాన్ని ఒక చెంచా నెయ్యితో మూకుట్లో సన్నని మంట మీద మెత్తబడేదాకా నలపండి. మిక్సీలో వేస్తే బ్లేడుకి చుట్టుకుని మోటారు వేడెక్కుతుంది, గరిటె వెనక్కి తిప్పి నలపడమే తేలిక.
4. పొయ్యి ఆపి, గోరువెచ్చగా ఉండగానే మిగతావన్నీ, ఏలకుల పొడి, చిటికెడు ఉప్పు వేసి చేత్తో పిసకండి.
5. నెయ్యి రాసిన పళ్లెంలో వేసి, గిన్నె అడుగుతో గట్టిగా అదిమి, వేలెడు మందాన సమం చేసి రెండు గంటలు ఫ్రిజ్‌లో పెట్టి కోయండి. సరిగ్గా అదమకపోతే కోసేటప్పుడు పొడిపొడిగా రాలుతుంది, ఇక్కడ బలం పెట్టాలి.

పాతిక ముక్కలొస్తాయి. ఫ్రిజ్‌లో రెండు వారాలు. బయట పెడితే మన వేసవికి నాలుగు రోజులకే జిగురుగా అయిపోతాయి, బడి డబ్బాలో ఆ పూటకి పెట్టడానికి ఇబ్బంది లేదు. ఉమ్మడి పశ్చిమ గోదావరి కొబ్బరితోటల్లో అంతరపంటగా కోకో బాగా పండుతుంది, పంచదార కలపని కోకో పొడి దొరికితే రెండు చెంచాలు వేయండి, పిల్లలు చాక్లెట్ అనే తింటారు.

పూతరేకులు ఇంట్లో చుట్టుకోవడం

రేకు తీయడం మనవల్ల అయ్యే పని కాదు. బోర్లించిన కుండ కింద మంట పెట్టి, జయ బియ్యం పిండి జారుగా కలిపి, గుడ్డ ముంచి ఒక్క లాగు లాగి ఆ పల్చటి పొర తీసే చేతి ఒడుపు ఆత్రేయపురం ఆడవాళ్లది, ఆ పూతరేకులకి 2023లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. కానీ ఒట్టి రేకులు విడిగా అమ్ముతారు, అవి తెచ్చుకుని లోపలి సరుకు మనం పెట్టుకోవచ్చు. ఆరోగ్యం దృష్టిలో ఇదే అసలు వీలు: రేకులో బియ్యం నామమాత్రం, పూతరేకు మంచిదా కాదా అన్నది మనం లోపల ఏం పోస్తున్నామన్నదాన్ని బట్టే ఉంటుంది.

లోపలికి: వేయించిన నువ్వుల పొడి ఒక గ్లాసు, జీడిపప్పు లేదా వేరుశనగ పొడి ఒక గ్లాసు, బెల్లం పొడి ఒక గ్లాసు. బెల్లం పొడి ముసురు రోజుల్లో ముద్దకడుతుంది కదా, దాన్ని తురిమి పళ్లెంలో పలుచగా ఎండలో పెట్టి, రెండు చెంచాల వేయించిన శనగపప్పు పిండి కలిపి ఉంచితే విడివిడిగా ఉంటుంది.

రేకు పొడిగా ఉన్నప్పుడు ముట్టుకుంటే పెళుసుగా పగులుతుంది. పల్చని గుడ్డ తడిపి, నీరు లేకుండా గట్టిగా పిండేసి, రేకు మీద ఒక్కసారి అలా తాకించండి, రుద్దొద్దు. రెండు మూడు క్షణాల్లో రేకు అంచులు కిందికి వాలి, బట్టలా మడతకి లొంగుతుంది. ఇక్కడ మాత్రమే తేమని మనం పిలుస్తున్నాం, అదీ ఆ క్షణం వరకే. ఎక్కువ తడి తగిలితే రేకు కుంచించుకుపోయి గుడ్డకే అంటుకుంటుంది. రెండు రేకులు ఒకదాని మీద ఒకటి పరిచి, చెంచా నెయ్యి వేళ్లతో చిలకరించి, పొడి పలుచగా చల్లి, రెండు పక్కలా లోపలికి మడిచి చుట్టండి. చుట్టినవి ఫ్యాన్ కింద అరగంట ఆరనిచ్చి అప్పుడు డబ్బాలో పెట్టండి, రేకు మళ్లీ కరకరలాడుతుంది.

కారంగా కావాలంటే

సాయంత్రం టీతో అందరికీ తీపి నచ్చదు. పల్చటి అటుకులు పావుకిలో గంటసేపు ఎండలో పెట్టి, మూకుట్లో నూనె లేకుండా సన్నని మంట మీద, చేత్తో నలిపితే పొడి అయ్యేంత కరకరగా వేయించి తీసేయండి. మందం అటుకులు ఇలా వేగవు, వాటిని నూనెలో దేవాల్సిందే, అందుకే కొనేటప్పుడే పల్చటివి అడగండి. తర్వాత రెండు చెంచాల నూనెలో ఆవాలు, ఎండుమిరప, కరివేపాకు వేసి, కరివేపాకు పూర్తిగా పెళపెళలాడేదాకా ఆగండి, ఆకులో తడి మిగిలితే డబ్బా అంతా మెత్తబడుతుంది. ముందే వేయించిన వేరుశనగ గుప్పెడు, వేయించిన శనగపప్పు గుప్పెడు, సన్నగా తరిగిన కురిడీ ముక్కలు వేసి, పొయ్యి ఆపాక పసుపు, ఉప్పు, కారం, చివర్లో అటుకులు కలపండి. మరమరాలతోనూ ఇదే పద్ధతి, ఐదు నిమిషాల్లో అయిపోతుంది.

మరమరాల ఉండలు కట్టాలంటే మాత్రం పాకం తప్పదు: 5 గ్లాసుల మరమరాలకి ఒక గ్లాసు బెల్లం, పావు గ్లాసు నీళ్లు. కరిగాక ఒకసారి వడకట్టండి, ఇసుక పోతుంది. చల్లటి నీళ్లున్న పళ్లెంలో పాకం చుక్క వేసి ఉండగా చుట్టి పళ్లేనికి కొడితే ఠంగుమనాలి. అంతకన్నా లేతగా దించితే మన గాలికి సాయంత్రానికే సాగుతాయి. మరమరాలు ఒక్కటే వేస్తే ఒట్టి గాలి, ఒక గ్లాసు వేయించిన వేరుశనగ కలపండి. చేతికి నీళ్లు కాకుండా నెయ్యి రాసుకుని ఉండలు కట్టండి.

ఏ పూటకి ఆ పూట

శ్రీరామనవమికి పానకంతో పెట్టే వడపప్పుని ఏడాదికోసారి పరిమితం చేయడం నాకు నచ్చదు. పెసరపప్పు గంట నానబెట్టి, నీళ్లు పూర్తిగా వార్చి, పచ్చి కొబ్బరి కోరు, మామిడికాయ తురుము, పచ్చిమిర్చి, ఉప్పు కలిపితే పొయ్యి ముట్టకుండా పావుగంట పనిలో మంచి చిరుతిండి. మామిడి లేని రోజుల్లో నిమ్మరసం. చేసిన గంట రెండు గంటల్లో తినెయ్యాలి, మిగిలితే పెసరట్టు పిండిలో కలపండి.

పెసలు రాత్రి నానబెట్టి పొద్దున గుడ్డలో మూటకడితే మన వాతావరణంలో సాయంత్రానికే మొలక తోక కనిపిస్తుంది. కానీ మొలకకి నచ్చే ఆ వెచ్చటి తడి సూక్ష్మక్రిములకీ నచ్చుతుంది. మధ్యలో ఒకసారి మంచినీళ్లతో కడగండి, జిగురుగా గానీ పుల్లటి వాసనతో గానీ ఉంటే పారెయ్యండి. చిన్నపిల్లలకి, గర్భిణులకి, పెద్దవాళ్లకి పచ్చివి పెట్టొద్దు, ఐదారు నిమిషాలు ఆవిరి మీద ఉడికించి తాలింపు వేసి పెట్టండి.

ఇక రావులపాలెం నుంచి వచ్చే చక్కెరకేళి, వేసవి ముంజలు, చలికాలం తేగలు, ఇవి ఉన్న రోజున ఏమీ చేయక్కర్లేదు, అవే పెట్టండి.

తీపి ఎంత, ఎవరికి ఏది

బెల్లం మంచిదని ఎంతైనా తినొచ్చనే నమ్మకం మన దగ్గర బలంగా ఉంది, పిల్లల కోసం ఈ ఒక్క మాట గట్టిగా చెప్పాలి. బెల్లంలో కొద్దిగా ఖనిజాలు ఉన్నమాట నిజమే, కానీ దాని బరువులో ఎక్కువ భాగం చక్కెరే. షుగర్ ఉన్నవాళ్లకి పంచదార బదులు బెల్లం అనే సర్దుబాటు పనికిరాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పిన లెక్క ప్రకారం పంచదార, బెల్లం, తేనె లాంటి కలిపిన తీపి అంతా రోజు మొత్తం శక్తిలో 10 శాతం దాటకూడదు, 5 శాతం లోపు అయితే ఇంకా మేలు. 2000 కేలరీలు తినే పెద్దవాళ్లకి 5 శాతమంటే సుమారు 25 గ్రాములు, పిల్లలకి అంతకన్నా తక్కువ. పొద్దున పాలలో రెండు చెంచాల పంచదార తాగిన పిల్లాడికి సాయంత్రం పైన చెప్పిన కొలతతో ఒక సున్నుండ చాలు, రెండోది అడిగితే కారం అటుకులు పెట్టండి.

ఐదేళ్లలోపు పిల్లలకి వేరుశనగ గానీ జీడిపప్పు గానీ పలుకులుగా పెట్టొద్దు, గొంతుకి అడ్డం పడుతుంది. పొడి చేసినవే పెట్టండి. ఏడాది లోపు పసివాళ్లకి తేనె ఏ రూపంలోనూ వద్దు. వేరుశనగ, నువ్వులు కొందరికి పడవు, బడిలో పంచుకుని తినే వయసు పిల్లలైతే ఏం పెట్టారో టీచరుకి చెప్పి ఉంచడం మంచిది.

డబ్బా

స్టీలు డబ్బా కడిగాక ఎండలో బోర్లించి, తర్వాత తిరగేసి, లోపల కూడా ఎండ తగలనివ్వండి. గుడ్డతో తుడిస్తే ఆరినట్టు కనిపిస్తుంది గానీ మూత మరలో నీరు ఉంటుంది. ఒక పెద్ద డబ్బాలో అన్నీ పోసి రోజూ పదిసార్లు తెరిచే బదులు, పెద్దది అలమరలో మూసి ఉంచి, మూడు రోజులకి సరిపడా చిన్న డబ్బాలోకి తీసుకోండి. తెరిచిన ప్రతిసారీ లోపలి గాలి మారుతుంది. తడి చేత్తో తీయొద్దని పిల్లలకి ఎంత చెప్పినా వినరు, కాబట్టి వాళ్ల చేతికందేది చిన్న డబ్బా మాత్రమే అయితే నష్టం దానితోనే ఆగుతుంది. తీపి, కారం పక్కపక్కన ఒకే డబ్బాలో పెట్టకండి, బెల్లం తేమ లాగి అటుకుల్ని మెత్తబరుస్తుంది.

అక్టోబరు, నవంబరుల్లో అల్పపీడనం అని వినగానే పెద్ద ఎత్తున చేయడం మానుకోండి. ఆ రోజుల్లో ఏ వారానికి ఆ వారం, పావుకిలో చొప్పున చేసుకోవడం మంచిది. మూత తీయగానే ముక్కిపోయిన వాసన వస్తే, రుచి చూసి నిర్ణయిద్దాం అనుకోకుండా తీసెయ్యండి. మెత్తబడి వాసన మాత్రం మారని అటుకులు, మరమరాలు అయితే మూకుట్లో రెండు నిమిషాలు వేడి చేస్తే మళ్లీ కరకరలాడతాయి. విరిగిన సున్నుండలు, డబ్బా అడుగున మిగిలిన సున్ని పారేయక్కర్లేదు, గ్లాసు వేడి పాలలో రెండు చెంచాలు కలిపి పిల్లలకి ఇవ్వండి, ఆ పాలలో వేరే పంచదార వేయకుండా.